హాలు గోడ వెనక పెరడు

పోయిన వారం మా చెల్లెలు వసంత గుడివాడ నుంచి వచ్చింది. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి అక్కడే నిలబడిపోయింది. "ఇదేంటక్కా, ఇంత బోసిగా ఉంది? మొక్కలేవి?" అంది. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. ఎందుకో చెప్పడం మొదలుపెడితే గొంతు పెరుగుతుందని నాకు తెలుసు. కోపం దాని మీద కాదు. మా ఇంటికి దక్షిణాన ప్రహరీని ఆనుకున్నట్టు లేచిన అపార్టుమెంటు మీద. భవానీపురంలో మేము ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ స్థలంలో ఒక రేకుల షెడ్డు, నాలుగు కొబ్బరి చెట్లు ఉండేవి. ఇప్పుడు ఐదంతస్తులు ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు ఆ మేడకు అవతలి నుంచే నడిచి వెళ్లిపోతాడు. మే నెల వచ్చేసరికి మాత్రం నడినెత్తి మీదికొచ్చి, అంతవరకు నీడలో మెత్తబడిన ఆకుల్ని ఒక్క మధ్యాహ్నంలో మాడ్చేస్తాడు. మందారం ఆకులు వేసిందే తప్ప మొగ్గ తొడగలేదు. గులాబీ చచ్చిపోయింది. తులసి కూడా బక్కచిక్కి ఒక పక్కకి ఒరిగి, వెలుగు కోసం మెడ చాచి చాచి ఎండిపోయింది. మంగళగిరి దారిలో ఉన్న నర్సరీకి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఏది చూపించి అడిగినా అక్కడి మనిషి "నీడలో బ్రహ్మాండంగా వస్తుందండీ" అనే అంటాడు. ఎండలో వస్తుందా అని అడిగితే దానికీ అదే మాట.

"అమ్మయితే ఈ పాటికి ఈ నీడలో అడవి చేసి ఉండేది" అంది వసంత కాఫీ తాగుతూ. అది నన్ను ఎత్తిపొడవడానికి అన్న మాట కాదు. అయినా నాకు చురుక్కుమంది. "అమ్మకి ఎన్నేళ్లు పట్టిందో నీకు గుర్తుందా? అంత చేసినా ఉండనిచ్చారా?" అన్నాను. వసంత నాకంటే బాగా చిన్నది. దానికి గుర్తున్నది చివరి రెండు మూడేళ్ల పచ్చదనం ఒక్కటే. అంతకు ముందు అక్కడ ఏముండేదో, ఆ పచ్చదనం చివరికి ఏమైందో నాకు తెలుసు. వసంత వెళ్లిపోయిన దగ్గర్నుంచి ఆ పాత ఇల్లే కళ్ల ముందు తిరుగుతోంది.

అప్పుడు మేము గాంధీనగరంలో ఒక సినిమా హాలు వెనక సందులో అద్దెకుండేవాళ్లం. నాన్న ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. ముందు గది, వెనక వంటిల్లు, ఆ వెనక పొడుగ్గా సన్నటి పెరడు. పెరటికి దక్షిణపు హద్దు హాలు వెనక గోడే. కిటికీ ఒక్కటి లేని పెద్ద గోడ. తల పూర్తిగా వెనక్కి వాలిస్తే గానీ పైఅంచు కనిపించేది కాదు. హాలు మరుగుదొడ్ల గొట్టం ఒకటి ఎక్కడో చీలి, ఎప్పుడూ నీళ్లు జారుతుండేవి. గోడ మొదట్లో పాచి, పగుళ్లలో వాటంతటవే మొలిచిన ఫెర్న్ మొక్కలు, తడిసిన సున్నం వాసన. ఇంటర్వెల్ వేళకు ఆ వాసన మీదికి క్యాంటీన్‌లోంచి మిరపకాయ బజ్జీల నూనె వాసన వచ్చి పడేది. మాకు గడియారంతో పని లేదు. మ్యాట్నీ మొదలైతే అమ్మ అన్నం గిన్నెలు తోమడానికి కూర్చునేది. మొదటాట పాట వినిపిస్తే దీపం పెట్టేది. నాయనమ్మ ఆ హాల్లో ఒక్క సినిమా కూడా చూడలేదు. అయినా ప్రతి సినిమా ఆవిడకు కంఠస్థం. తమలపాకుకు సున్నం రాస్తూ, "ఇప్పుడు ఏడుస్తుంది చూడు" అనేది. అలా అన్న కాసేపటికే గోడ అవతల హీరోయిన్ ఏడుపు మొదలయ్యేది.

అమ్మ పుట్టిల్లు పొన్నూరు వైపు పల్లె. పొద్దున లేస్తే కనుచూపు మేర పొలం, ఎండ. అలాంటి చోటు నుంచి వచ్చి ఆ గోడ వెనక పడింది. వచ్చిన కొత్తలోనే పుట్టింటి నుంచి మల్లె అంట్లు తెచ్చి నాటిందట. నాకు ఊహ తెలిసేసరికి ఆ మల్లె మూడోసారో నాలుగోసారో చచ్చి మళ్లీ నాటబడి ఉంది. తీగలు పొడుగ్గా, పాలిపోయి, గోడ పైకి చూస్తూ పెరిగేవి. వేసవిలో ఊరంతా మల్లెపూలు గుబాళిస్తుంటే మా పాదులో ఒక్క మొగ్గ ఉండేది కాదు. అమ్మ వీధిలో మూర పూలు కొనుక్కుని, తల్లో పెట్టుకుని, పెరట్లోకి వచ్చి ఆ పాదు వంక చూసి లోపలికి వెళ్లిపోయేది. ఎరువు వేసింది. ఆకు దూసింది. చేపలు కడిగిన నీళ్లు పక్క వాటాలో ఉండే హసీనా గారిని అడిగి తెచ్చి పోసింది. నాయనమ్మకు ఆ వాసన పడక పెద్ద గొడవైంది. మల్లె మాత్రం పూయలేదు.

నాన్నకు ఈ తాపత్రయం అర్థమయ్యేది కాదు. ఒక ఆదివారం భోజనాల దగ్గర, "అద్దె కొంపలో ఏళ్ల తరబడి బతికే మొక్కలెందుకే? బంతి నారు పోసుకో. రెండు మూడు నెలల్లో పూస్తుంది, పోతుంది. రేపు ఇల్లు ఖాళీ చెయ్యమన్నా బాధుండదు" అన్నాడు.

అమ్మ చారు వడ్డిస్తున్నది ఆగింది. "పీకడం, మళ్లీ నాటడం. ఎన్నాళ్లండీ అలా? ఒకసారి వేస్తే వేళ్లు దిగి, నేనున్నా లేకపోయినా ఏటేటా దానంతటదే లేచే మొక్క కావాలి నాకు."

"ఇల్లు మనది కాదు కదా."

"మనది కాకపోతే మాత్రం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండేది నేనేగా ఇందులో."

అయినా నాన్న బంతి నారు తెచ్చి ఇచ్చాడు. అమ్మ నాటింది. ఆ నీడలో అది కూడా సన్నగా సాగి, పూయకుండానే పడిపోయింది. అప్పుడు అమ్మ పెరటి మధ్యలో కుర్చీపీట వేసుకుని కూర్చుని చాలాసేపు ఏడ్చింది. బంతి మొక్క కోసం ఎవరైనా ఏడుస్తారా అని నాకు ఆశ్చర్యం వేసింది. ఇప్పుడు వేయదు.

ఆ ఏడు వేసవి సెలవులకు అమ్మ పుట్టింటికి వెళ్లాం. మా మేనమామ కొత్తగా ఆకుతోట కౌలుకు తీసుకున్నాడు. తమలపాకుల తోటను ఆ వైపు ఆకుతోట అనే అంటారు. చెప్పులు గట్టు మీదే వదిలి లోపలికి వెళ్లాలి. బయట నిప్పులు చెరిగే ఎండ. లోపల అడుగుపెడితే ఒళ్లు చల్లబడింది. వరసలు వరసలుగా అవిసె చెట్లు, వాటికి పాకి, జమ్ము తాళ్లతో కట్టిన తమలపాకు తీగలు, కాలవల్లో తడి. పగటి వెలుగు ఆకుల్లోంచి దిగి పచ్చగా మారి కింద పడుతోంది. అమ్మ నడుస్తూ నడుస్తూ ఆగి, "ఈ అవిసె చెట్లు ఎందుకురా, తీగ పాకడానికేనా?" అని అడిగింది.

"పాకడానికే కాదక్కా, నీడకి కూడా" అన్నాడు మామయ్య. "ముందు అవిసె గింజలు వేసి నీడ పెంచుతాం. ఆ తరవాతే తీగ. నీడ లేకపోతే ఆకు మాడిపోతుంది."

సాయంత్రం ఇంటికొచ్చి పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటూ అమ్మ నాతో అంది: "చూశావా, వీళ్లు నీడ కోసం చెట్లు పెంచుకుంటున్నారు. మనకు గోడ ఊరికే ఇస్తుంటే నేను ఇన్నేళ్లూ దానితో పోట్లాడాను." అది చెప్పేటప్పుడు ఆమె మొహంలో సంతోషం కంటే చిరాకే ఎక్కువ కనిపించింది. పోయిన ఏళ్ల మీద చిరాకు.

తిరిగొచ్చాక ఆమె మల్లె పాదు పీకేసింది. వెంటనే ఏమీ నాటలేదు. కొన్ని నెలలు ఊరికే చూసింది. గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ, గోడ నీడ ఎక్కడి దాకా వస్తోంది, ఎక్కడ కాస్త వెలుగు విరిగి పడుతోంది, గొట్టం నీళ్లు ఎటు ఇంకుతున్నాయి అని చూస్తూనే ఉండేది. వేసవిలో గోడ నీడ కుదించుకుపోయి పెరటి మధ్య దాకా ఎండ వచ్చినప్పుడు, అది ఆగిన చోట పక్క గోడ మీద బొగ్గుతో గీత గీయమని నాకు చెప్పింది. ఆ గీతకు ఇవతల ఏదీ నాటలేదు. నీళ్ల తొట్టి, రుబ్బురోలు ఆ ఎండకు వదిలేసింది. తడి ఎక్కువున్న గోడ మొదట్లో తమలపాకు తీగ. దాని పక్కనే నేల మీద పాకే సరస్వతి ఆకు. ఇంకాస్త ఇవతల పసుపు, కంద. చివరన, పక్క ఇంటి సున్నపు గోడ మీంచి వెలుగు తిరిగి పడే చోట కనకాంబరాలు, నందివర్ధనం. అన్నీ ఒకసారి నాటితే ఏళ్లూ పూళ్లూ ఉండేవే. పసుపు, కంద చలికాలానికి ఆకులు వాలి కనపడకుండా పోతే నేను చచ్చిపోయాయని అనుకునేదాన్ని. అమ్మ మట్టిని అరచేత్తో తట్టి, "పడుకుంది, లేపకు" అనేది. తొలకరికి అక్కడే మొలకలు లేచేవి.

తేలిగ్గా జరిగిందేమీ కాదు. పందికొక్కులు కంద దుంపలు తవ్వుకుపోయాయి. వానాకాలం నత్తలు తమలపాకుల్ని జల్లెడ చేశాయి. అమ్మ పొద్దున్నే లేచి వాటిని చేటలోకి ఏరి మురిక్కాలవలో పోసి వచ్చేది. సినిమా బాగా ఆడిన వారాల్లో జనం హాలు పైమెట్ల మీంచి పల్లీల పొట్లాలు, సోడామూతలు విసిరేవాళ్లు. అయినా మూడో ఏటికి తీగ గోడను పట్టుకుంది. నాయనమ్మ బజారు ఆకు మానేసింది. పొద్దున పూజ కాగానే తనే కర్ర పట్టుకుని పెరట్లోకి వచ్చి ఆకు కోసుకునేది. కోడలు చేసిన పనిని ఎన్నడూ మెచ్చుకోని మనిషి. ఒకరోజు ఆకు నమిలి, "కారం లేదు, లేతగా ఉంది. పర్వాలేదమ్మాయ్" అంది. అమ్మ ఆ మాటను హసీనా గారికి చెప్పింది, నాన్నకు చెప్పింది, ఆ వారం వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. హసీనా గారు తన కూతురి నిఖా రోజున మా పెరటి కనకాంబరాలే కట్టించారు. వసంతకు గుర్తున్నది ఈ రోజులే.

తరవాత హాలు మూతపడింది. కొన్నాళ్లు పాటలు లేక పొద్దు ఎటు నడుస్తోందో తెలిసేది కాదు. శివరాత్రి వెళ్లాక గునపాలు పట్టుకుని కూలీలు వచ్చారు. పైనుంచి కొంచెం కొంచెంగా గోడ దిగింది. దిగిన కొద్దీ మా పెరట్లోకి ఆకాశం వచ్చింది. నాన్న సంతోషించాడు. నాయనమ్మ ఎన్నాళ్లకో వడియాలు పెరట్లోనే పెట్టించింది. వీధిలో అందరూ మీ ఇంటికి గాలీ వెలుతురూ వచ్చాయన్నారు. అమ్మ మాత్రం ఎండ ఎక్కడి దాకా వస్తోందో చూస్తూ తిరిగింది. నా బొగ్గు గీత దాటింది. కనకాంబరాలు దాటింది. గోడ నేలమట్టమైన రోజున ఎండ తిన్నగా తమలపాకు తీగ మొదట్లో పడింది. పట్టుకునే గోడ లేక తీగ కుప్పగా నేల మీద పడి ఉంది. గొట్టం కూడా తీసేశారు గనక తడి లేదు.

అమ్మ పాత చీరలు తీసి కర్రలకు కట్టింది. చాలకపోతే దుప్పట్లు, గోనెసంచులు కట్టింది. నాన్న, అద్దె కొంపలో మొక్కలెందుకన్న ఆ మనిషే, ఆఫీసుకు సెలవు పెట్టి రిక్షాలో తాటాకులు వేసుకొచ్చాడు. ఇద్దరూ కలిసి పందిరి వేశారు. రోజుకు ఎన్ని బిందెలు పోసినా మధ్యాహ్నానికి మట్టి పగిలేది. ఆకులు ముందు పసుపు రంగుకు తిరిగాయి, తరవాత అంచులు కాలాయి, తరవాత ముట్టుకుంటే పొడి అయ్యాయి. వాటిలో ఏ ఒక్కదానికీ అంతకు ముందు రోజంతా ఎండ తగల్లేదు. దాన్ని ఓర్చుకోవడం వాటికి తెలీదు. అమ్మ వాటికి అది నేర్పలేదు.

ఆ రోజుల్లోనే ఇంటాయన వచ్చాడు. పందిరి కింద నిలబడి, తల వంచుకుని, "ఇంకా ఎందుకమ్మా ఈ కష్టం? హాలు స్థలంలో కాంప్లెక్స్ కడుతున్నారు. మేము కూడా ఇది పడగొట్టి షాపులు వేద్దామనుకుంటున్నాం. మీరు వేరే ఇల్లు చూసుకోండి" అన్నాడు.

"ఎప్పటికి?" అని నాన్న అడిగాడు.

"బడులు తెరిచేలోపు అయితే మీకూ వీలుగా ఉంటుంది కదండీ."

ఆయన వెళ్లిన తరవాత అమ్మ పందిరికి కట్టిన చీరలు ఒక్కొక్కటే విప్పింది. దులిపి, మడతపెట్టి, లోపల పెట్టింది. "పసుపు దుంపలన్నా తవ్వుకుని తీసుకెళ్దామమ్మా" అన్నాను నేను. "అక్కడ ఎలాంటి చోటో ఏమో. చూడకుండా తీసుకెళ్లి మళ్లీ చంపుకోవడం ఎందుకు" అంది. సామాను బండి ఎక్కే రోజున ఆమె ఒక్కసారి కూడా పెరట్లోకి వెళ్లలేదు.

పటమటలో కొత్త ఇల్లు తూర్పు ముఖం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే. అమ్మ ఊరికే, పెద్దగా ఆశ లేకుండా, మళ్లీ మల్లె అంటు వేసింది. రెండో వేసవికే విరగబూసింది. వీధి మొత్తానికి పంచినా మిగిలేవి. నేను దండలు కడుతూ, "ఎన్నాళ్లకమ్మా" అన్నాను. ఆమె పువ్వుల వంక చూసి, "ఎండుంటే ఎవరికైనా పూస్తుంది" అంది. ఆ మాటలో వెటకారం లేదు. ఆ తోటను ఆమె చాలా ఏళ్లు పెంచింది, బాగానే చూసుకుంది. కానీ గాంధీనగరం పెరట్లో తిరిగినట్టు, మొక్క మొక్క దగ్గరా ఆగి, ఆకు తిరగేసి చూసుకుంటూ తిరగడం ఇక్కడ నేను చూడలేదు. ఆమె పోయి చాలా కాలమైంది.

వసంతకు నేను సరిగ్గా చెప్పలేకపోయింది ఇదే. అమ్మ నాటినవన్నీ నేనూ నాటి చూశాను. తమలపాకు తీగ ఒక్క చలికాలం నిలబడింది. సరస్వతి ఆకు పాకనే లేదు. కనకాంబరం ఇంకా చస్తూ బతుకుతోంది. అమ్మది తడి నీడ, పాత మట్టి. నాది అలా కాదు. తవ్వితే కింద అంతా అపార్టుమెంటు వాళ్లు పోసి వదిలేసిన ఇసుక, సిమెంటు పెళ్లలు, టైల్స్ ముక్కలు. పైన ప్రతి అంతస్తు నుంచీ ఏసీ డబ్బాలు మా వైపుకే తిప్పి బిగించారు. నీడ చల్లగా ఉంటుందని మనం అనుకుంటాం. నా పెరటి నీడలో వేడిగాలి కొడుతుంది. డబ్బాలు అటు తిప్పుకోమని వాళ్ల అసోసియేషన్‌ను అడిగితే, "మీ ఇంట్లోకి రావట్లేదు కదండీ, ఖాళీ స్థలంలోకే కదా" అన్నారు. ఆ ఖాళీ స్థలం నా పెరడు. మా ఆయన ఏడాదిగా టైల్స్ వేయించేద్దామంటున్నారు. కారు పెట్టుకోవచ్చు, దోమలు తగ్గుతాయి అంటారు. పోయిన నెల నాకు విసుగొచ్చి సగానికి ఒప్పుకున్నాను. ప్రహరీ పక్క పట్టె మాత్రం వదిలేయమన్నాను. దాని మట్టి మార్పించి పసుపు పెట్టాను.

మొన్న ఉదయం ఆ పట్టెలో గడ్డి తీస్తుంటే గోడ అవతల నుంచి "ఆంటీ, ఒక్క నిమిషం" అని పిలుపు వినిపించింది. స్టూలెక్కి తల పైకి పెట్టిన ఒక అమ్మాయి. పేరు శైలజ అని చెప్పింది. గ్రౌండ్ ఫ్లోర్‌లోకి కొత్తగా అద్దెకు వచ్చారట.

"ఏం లేదండీ, మీ ప్రహరీకి మా వైపు పాచి పట్టి నల్లగా అయిపోయింది. తెల్ల రంగు వేయించుకోమంటారా? ఖర్చు మేమే పెట్టుకుంటాం. మా వంటింటికి మీ గోడ అడ్డమండీ. పట్టపగలు కూడా లైటు వేసుకుని వండుకోవాల్సి వస్తోంది."

ఇన్నేళ్లుగా ఆ మేడ ఎత్తు చూసి పళ్లు కొరుక్కున్నానే గానీ, దాని అడుగున ఎవరైనా ఉంటారని, వాళ్లకు నా గోడ అడ్డమవుతుందని తట్టలేదు. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకుందామన్నా కుదరలేదు. ఆ మేడ ఆమె కట్టింది కాదు. ఏసీ డబ్బా ఆమె బిగించింది కాదు. "వేయించుకోండమ్మా" అన్నాను.

నిన్న రంగు పూర్తయింది. నన్ను పిలిచి వంటింట్లోకి తీసుకెళ్లి చూపించింది. ఆ మేడలో నేను అడుగుపెట్టడం అదే మొదలు. కిటికీలోంచి తెల్లటి గోడ, దాని పైన మా ఇల్లు, వేలెడంత ఆకాశం. నిజంగానే గది తేటపడింది. ఆమె చేటలో బియ్యం పోసి కిటికీ దగ్గర పట్టుకుని, "ఇప్పుడు రాళ్లు కనపడుతున్నాయండీ, చూడండి" అంది. బాగుందమ్మా అన్నాను. కాఫీ ఇస్తే తాగి ఇంటికొచ్చాను.

నా వైపు గోడ ఎలా ఉండేదో అలాగే ఉంది. వెలుగు అంగుళం కూడా ఇటు రాలేదు. మూడో అంతస్తులో ఎవరో ఏసీ వేసినట్టున్నారు, వేడి గాలి కొడుతోంది. పసుపు ఆకుల అంచులు అప్పుడే గోధుమ రంగుకు తిరుగుతున్నాయి. పంపు కింద బకెట్ పెట్టాను. నిండేదాకా నిలబడి, తీసుకెళ్లి మొదళ్లలో పోసి, రెండోది పెట్టాను.